మడతల్లో మన ఒడ్డు

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. దగ్గులూ, మైకు సర్దుబాట్లూ తీసేసి మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను చూపించబోయేది మన ఊరి పాత సర్వే మ్యాపు కాగితం, షీటు అంటారు, తెర మీద కన్నా దగ్గరికొచ్చి వంగి చూస్తేనే బాగుంటుంది. ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాయనా, షీటు ఎగిరిపోతోంది.

నేను చరిత్రకారుణ్ణి కాదు, ముందే చెప్పేస్తున్నా. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ మ్యాపుల పిచ్చి ఎలా పట్టిందంటే, మా స్నేహితుడి నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టె ఖాళీ చేస్తుంటే అడుగున గుడ్డకి అంటించి మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయి, ఓ మూల చెదలు పట్టేసి ఉంది. పాత పేపర్లలో వేసేద్దామన్నాడు వాడు. విప్పి చూస్తే మన ఊరు. మన ఊరే గానీ హార్బర్ లేదు. ఇప్పుడు ఓడలు నిలబడే చోట ఉప్పుటేరు మెలికలు తిరుగుతోంది, చుట్టూ బురదనేల గుర్తులు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

సర్వే ఎప్పుడు జరిగిందో షీటు అంచున అచ్చేస్తారు. సరిగ్గా ఆ మూలే చెదలు తినేశాయి. లెక్కల మాస్టారికి ఇంతకన్నా మంచి లెక్క ఎవరిస్తారు? షీటులో రైలు పట్టాలున్నాయి, వాల్తేరు స్టేషనుంది, కాబట్టి 1890లకి ముందుది కాదు. యూనివర్సిటీ లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి వచ్చింది, కాబట్టి అంతకు ముందుదే అయ్యుండాలి. హార్బర్ పని 1927లో మొదలైంది, దాని ఆనవాలూ లేదు. అలా ఓ ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళ మధ్యకి వచ్చి పడ్డాను. అయితే ఇక్కడొక మెలిక ఉంది. సర్వే చేసిన ఏడు వేరు, అచ్చేసిన ఏడు వేరు. పాత సర్వే మీదే కొత్త రోడ్డొకటి గీసి మళ్ళీ అచ్చేసిన షీట్లు బోలెడు. అందుకని షీటులో ఉన్నది చూసి 'అప్పటికి ఇది ఉంది' అని ధైర్యంగా చెప్పొచ్చు గానీ, లేనిదాన్ని చూసి 'అప్పటికి ఇది లేదు' అని గట్టిగా అనకూడదు. యూనివర్సిటీ, హార్బర్ విషయంలో నేను ఇందాక చేసింది రెండో రకమే, గమనించారా? మీరు చేస్తే మాత్రం ఇంకో ఆధారం కూడా చూసుకోండి. (నవ్వులు)

షీటు చేతికి రాకపోయినా మీ ఊరి షీటు నెంబరు తెలిసుంటే మంచిది. ప్రభుత్వం తరఫున మ్యాపులు వేసే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు దేశాన్ని నాలుగేసి డిగ్రీల గళ్ళుగా కోశారు. మనది 65వ గడి, తూర్పు రేఖాంశం 80 నుంచి 84 వరకు, ఉత్తర అక్షాంశం 16 నుంచి 20 వరకు. దాన్ని డిగ్రీకొకటి చొప్పున 16 ముక్కలు చేసి ఏ నుంచి పీ దాకా అక్షరాలిచ్చారు, మనది ఓ. ఆ ఓ ని మళ్ళీ 16 ముక్కలు చేస్తే వన్‌టౌను, వాల్తేరు 65 ఓ/6 లో పడతాయి, భీమిలి 65 ఓ/5, గాజువాక 65 ఓ/2. ఆరుకీ అయిదుకీ మధ్య గీత కైలాసగిరి దగ్గర్లో కోసుకుపోతుంది, అందుకే ఆర్కే బీచ్ ఒక షీటులోనూ రుషికొండ ఇంకో షీటులోనూ ఉంటాయి. సింహాచలమైతే దాదాపు నాలుగు షీట్లు కలిసే చోట ఉంది. అప్పన్నని పూర్తిగా చూడాలంటే షీట్లు పక్కపక్కన పెట్టి అతికించుకోవాల్సిందే. పాతవి మైలుకి అంగుళం లెక్కన వేసినవి, తర్వాతవి కిలోమీటరుకి రెండు సెంటీమీటర్లు.

ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. మనది తీరం, పైగా నేవీ ఉన్న ఊరు. తీరప్రాంతపు షీట్లు చాలా కాలం మామూలు జనానికి అమ్మలేదు. సొంత ఊరి మ్యాపు కొనుక్కోలేని పరిస్థితి. 2005లో మ్యాపుల విధానం మారింది, జనానికి వేరే సిరీస్, సైన్యానికి వేరే సిరీస్ చేశారు. 2017లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 'నక్షే' పోర్టల్లో ఆధార్‌తో లాగిన్ అయి జనం సిరీస్ దించుకునే వీలు వచ్చింది, కానీ అవి కొత్తవి. పాతవి కావాలంటే పెద్ద లైబ్రరీలు, విదేశీ విశ్వవిద్యాలయాలు స్కాన్ చేసి పెట్టినవి చూడాలి. 1950ల్లో అమెరికా సైన్యం వేసిన రెండున్నర లక్షలకి ఒకటి స్కేలు షీట్లు నెట్లో తేలిగ్గానే దొరుకుతాయి. ఆ స్కేల్లో వాల్తేరంతా నా బొటనవేలి కింద దాక్కుంటుంది.

ఇప్పుడు నా పరువు పోయిన కథ ఒకటి చెప్తాను. కొత్తలో మా మనవడు కంప్యూటర్లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల ప్రోగ్రాము ఎక్కించి, షీటుని స్కాన్ చేసి, మూలల్లో అచ్చైన అక్షాంశ రేఖాంశాలు కొట్టి, ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచాడు. చూస్తే గుండె జారిపోయింది. పాత ఒడ్డు ఇప్పటి ఒడ్డుకి రెండు వందల మీటర్ల అవతల, నీళ్ళలో ఉంది. భీమిలి వైపు చూసినా అంతే, ఇటు యారాడ వైపు చూసినా అంతే. సముద్రం మన ఊరిని రెండు వందల మీటర్లు మింగేసిందని నాలుగు రోజులు కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. వాకింగ్ ఫ్రెండ్సయితే టెన్షన్ పడిపోయి ఫ్లాటు అమ్మేద్దామా అనేదాకా వెళ్ళారు. అయిదో రోజు కాఫీ తాగుతూ చూస్తే యారాడ కొండ కూడా రెండు వందల మీటర్లు సముద్రంలోకి జరిగి ఉంది. ఇసుకంటే కొట్టుకుపోతుంది, కొండ ఎక్కడికి పోతుంది?

సంగతేంటంటే, భూమి నున్నటి బంతి కాదు, దాని ఆకారానికి ఒక లెక్క అనుకుని దాని మీద మ్యాపు గీస్తారు. మన పాత షీట్లు 1830 నాటి ఎవరెస్ట్ లెక్క మీద గీసినవి. శిఖరానికి పేరున్న ఆ జార్జ్ ఎవరెస్టే. ఫోన్లో జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఒకదానిలో రాసిన అంకెల్ని ఇంకోదానిలో కొడితే మన వైపు చోటు అటూ ఇటూగా రెండు వందల మీటర్లు ఆగ్నేయానికి జరుగుతుంది. మన ఒడ్డు ఆగ్నేయానికే తిరిగి ఉంది కదా, అచ్చం కోత పడినట్టే కనిపిస్తుంది. ఇంకా పాత షీట్లయితే మద్రాసు రేఖాంశాన్నే కాస్త తప్పుగా లెక్కేశారు, అంచున చిన్నక్షరాలతో రేఖాంశాల్లోంచి దాదాపు రెండున్నర నిమిషాలు తీసెయ్యమని రాసి ఉంటుంది. ఆ చిన్నక్షరాలు చదవకపోతే ఊరు ఊరంతా నాలుగు కిలోమీటర్లకు పైగా పక్కకి పోతుంది. అందుకని మూలల్ని నమ్మొద్దు. కదలని వస్తువులు పట్టుకోండి. కొండ శిఖరం, పాత చర్చి, రైలు పట్టాలు మలుపు తిరిగే చోటు, ఇలాంటివి ఆరేడు. వాటిని వాటికి అతికించండి.

అలా సరిచేశాక కూడా ఒడ్డు ఓ ఇరవై మీటర్లు మారినట్టు కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యకండి. మైలుకి అంగుళం స్కేల్లో అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద ముప్ఫై మీటర్ల పైమాటే. గీత మందంలోనే మన బీచ్ మొత్తం పట్టేస్తుంది. పైగా ఆ గీత పెద్ద పోటు నీరు వచ్చే హద్దు, మీరు ఫోటోలో చూసేది ఆ నిమిషంలో అల ఉన్న చోటు.

మరి ఇంత గోల ఎందుకు, దీంట్లో చూడాల్సింది ఏముంది అంటే, నీళ్ళు. ముందు నీళ్ళు చూడండి.

ఇదిగో, ఇక్కడ. ఇది డాల్ఫిన్స్ నోస్ అని ఇంగ్లీషులో రాసిన కొండ, మన యారాడ కొండ. దాని పక్కన ఉత్తరంగా ఏటి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. మొగకి ఇవతలి ఒడ్డున మూడు చిన్న గుట్టలు, ఇప్పటికీ ఉన్నాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మొగలోంచి లోపలికి వెళితే మేఘాద్రిగెడ్డ అనే వాగూ, దానితో కలిసే చిన్న గెడ్డలూ తెచ్చిన నీరంతా పరుచుకున్న చిత్తడి. మొగ దగ్గర ఇసుక మేట. ఆ మేట వల్ల పెద్ద ఓడ లోపలికి రాలేదు, సముద్రంలోనే లంగరేసేది. సరుకు దించాలంటే మసూలా పడవలే గతి. ఆ పడవలకి మేకులుండవు, పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల వచ్చి కొడితే మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి ఊరుకుంటుంది. సరే, ఆ చిత్తడిని తవ్వి హార్బర్ చేశారు. మొగకి అలల దెబ్బ తగలకుండా జానస్, వెల్లెడ్సన్ అని రెండు పాత ఓడల్ని తీసుకొచ్చి, రాళ్ళు నింపి, కావాలనే ముంచేశారు. నేను చదివిన విశాఖ చరిత్రలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే, ఓడలు రావడానికి ఓడల్ని ముంచడం. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు.

ఇప్పుడు 1933కి ముందు షీటుని తర్వాతి షీటు పక్కన పెట్టండి. ఏరు పోయి నిటారుగా, చేతులు చాపినట్టు మూడు పాయల హార్బర్ వచ్చింది. కానీ ఆ ఏటికి నీళ్ళు తెచ్చే గెడ్డలు? అవి ఎక్కడికీ పోలేదు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ అని మీరు ముక్కు మూసుకుని దాటే కాలవలున్నాయే, పేరు చివర గెడ్డ అని ఉందంటే అది మునిసిపాలిటీ తవ్విన కాలవ కాదు. వానొస్తే జ్ఞానాపురం వైపు నీళ్ళెందుకు నిలబడతాయో, ఎయిర్‌పోర్టు వైపు గెడ్డ పొంగితే ఎందుకంత కంగారో ఈ షీటు చూస్తే మీకు ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఇల్లు కొనేముందు వాస్తు చూపిస్తారు కదా, ఆ పంతులుగారి పక్కన ఈ షీటు కూడా పెట్టుకోండి.

ఇసుక సంగతీ అంతే. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. మధ్యలో హార్బరూ, దాని రాతి గట్లూ అడ్డం వచ్చాయి. దక్షిణాన ఆగిపోయిన ఇసుక ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి అందదు. అందుకే అక్కడ తవ్వి తీసిన ఇసుకని పైపుల్లో ఇటు పంపించి బీచ్‌లో పోస్తుంటారు. మీరు సాయంత్రం మొక్కజొన్న పొత్తు తింటూ కూచునే ఇసుకలో కొంత అలా పైపులో వచ్చిందే.

పేర్ల దగ్గరికి వద్దాం. ఇది నాకు అన్నిటికన్నా సరదా. సర్వే చేసినవాడు తనకి వినపడినట్టు రాసుకున్నాడు, అచ్చేసినవాడు వాడికి అర్థమైనట్టు అచ్చేశాడు. విశాఖపట్నం విజగపటం అయింది, భీమునిపట్నం బిమ్లీపటం అయింది, వాల్తేరు వాల్టేర్ అయింది. షీటులో ఒక ఊరి పేరు అర్థం కాకపోతే పైకి గట్టిగా మూడుసార్లు చదవండి, మూడోసారికి తెలుగు బయటికొస్తుంది. మా ఆవిడ పక్క గదిలోంచి విని, నేను కూడబలుక్కుంటున్న పేరుని ఠక్కున సరిచేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంకో రకం పేర్లుంటాయి, వస్తువు పోయినా పేరు మిగిలినవి. వన్‌టౌన్లో కోటవీధి ఉంది, కోట ఏదీ? కనకమహాలక్ష్మి అమ్మవారి బురుజుపేట ఉంది, బురుజు ఏదీ? చావులమదుంలో మదుం అంటే గట్టు కింద నీరు పోవడానికి పెట్టిన తూము. ఇన్నేళ్ళుగా ఆ పేరు పలుకుతూ దాంట్లో నీళ్ళున్నాయని నాకు తట్టనే లేదు, షీటులో గీత చూశాకే తట్టింది.

ఇంతవరకూ నేను చెప్పినదంతా ఇంట్లో కూచుని చెయ్యొచ్చు. నేనూ రెండేళ్ళు అదే చేశాను. తర్వాత ఒకరోజు ఫోటోకాపీ చుట్టుకుని చేపలు పట్టేవాళ్ళు ఉండే జాలారిపేట వెళ్ళాను. అక్కడ తెలిసింది నాకు, నా చేతిలో ఉన్నది సగమేనని.

నేను వెళ్ళేసరికి ఇద్దరు ఆడవాళ్ళు ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తున్నారు. మ్యాపు చూపించి, ఇది మీ పేట అన్నాను. పెద్దావిడ కాసేపు చూసి, "ఏటి బావూ, ఈ సుక్కలేటి?" అంది. గుర్తుల పట్టిక చదివి వినిపించాను. పక్కా ఇళ్ళకి ఒక గుర్తు, గుడిసెలకి ఒకటి, గుడిసెల్లో మళ్ళీ శాశ్వతం, తాత్కాలికం అని రెండు రకాలు. ఆవిడ అక్కడ ఆపింది. "తాటాకిల్లు గాలికి ఎగిరిపోద్ది, మళ్ళీ కట్టుకుంటాం. ఇల్లు తాత్కాలికం గానీ మేం తాత్కాలికమేటి? మా అత్త ఇక్కడే, ఆళ్ళత్త ఇక్కడే" అంది. నాకు ఏం జవాబు చెప్పాలో తెలీలేదు. ఇసుక మీద పట్టా లేకుండా, తాటాకు కప్పు కింద పది తరాలు బతికినవాళ్ళు మ్యాపులో ఒక చుక్కగానో, ఒక్కోసారి అదీ లేకుండానో ఉంటారు. ఎండుచేపలు ఆరేసే ఇసుక, వలలు బాగుచేసుకునే నీడ, పడవ ఒడ్డుకి లాగే చోటు, వీటికి ఆ పట్టికలో గుర్తే లేదు. షీటులో అది ఉత్త ఇసుక. ఉత్త ఇసుక అని కాగితంలో ఉన్న చోటు తర్వాత ఎవరి ప్లానులోకి ఎలా వెళుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు.

ఆవిడే నన్ను వాళ్ళ మావగారి దగ్గరికి పంపింది. ఎనభై దాటిన మనిషి, వేటకి వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది, వల అల్లుతున్నాడు. షీటు ఇసుక మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాను. ఆయన చదువుకోలేదు. ఒక్క చూపు చూసి, షీటుని తిప్పేశాడు. ఉత్తరం పైకి పెట్టి పరిచాను కదా, ఆయన సముద్రం తన ఒళ్ళో ఉండేలా, కొండలన్నీ ఎదురుగా ఉండేలా తిప్పుకున్నాడు. నేను నివ్వెరపోయాను. పడవలో కూచుని ఒడ్డు వైపు చూసేవాడికి ఊరు అలాగే కనిపిస్తుంది మరి. మనం ఎప్పుడూ బీచ్‌లో నిలబడి సముద్రాన్ని చూస్తాం, ఆయన జీవితమంతా సముద్రంలో ఉండి మనల్ని చూశాడు.

తర్వాత కొండల ఎత్తు చూపించే గోధుమరంగు గీతల మీద వేలు పెట్టి కొండలు గుర్తుపట్టడం మొదలెట్టాడు. గీతలు దగ్గరగా ఉంటే నిట్రం, దూరంగా ఉంటే వాలు అని నేను చెప్పింది ఒక్కసారే. యారాడ కొండ చెప్పాడు, కైలాసగిరి చెప్పాడు, ఆ వెనక సింహాచలం కొండలు చెప్పాడు. షీటులో పేరు లేకుండా చిన్న త్రికోణం, పక్కన ఎత్తు మాత్రమే ఉన్న శిఖరానికి కూడా ఆయన దగ్గర పేరుంది. ఆ త్రికోణం గుర్తు ఏంటో తెలుసు కదా. 1802లో మద్రాసులో లాంబ్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మొదలుపెట్టిన పెద్ద త్రికోణాల సర్వే మన వైపుకీ వచ్చింది, 1860ల మొదట్లో విశాఖపట్నం దగ్గర కూడా ఒక బేస్‌లైన్ కొలిచారు. ఒక భుజం నేల మీద కొలవడం, రెండు కొసల నుంచీ కొండ మీది గుర్తుకి కోణాలు చూడడం, మిగతా భుజాలు లెక్కలో రాబట్టడం. నేను తొమ్మిది, పది తరగతులకి ముప్ఫై ఏళ్ళు అరిచి చెప్పిందే.

ఈ వల అల్లే తాత ఏం చెప్పాడంటే, ఈ కొండ ముక్కు ఆ వెనక కొండ భుజానికి ఆనుకోవాలి, అదొక గీత. ఇటు పక్క గుడి శిఖరం ఫలానా చెట్టు మీదికి రావాలి, అది రెండో గీత. రెండూ కుదిరిన చోట గుండు కట్టిన తాడు దింపితే ఇన్ని బారలు దిగాలి, దిగితే కింద రాయి, రాయి ఉంటే చేప. ఇంగ్లీషువాడి పాత సముద్రపు చార్టులో లోతు ఫాథమ్‌లలో ఉండేది, అంటే ఆరడుగులు, అంటే రెండు చేతులూ చాపిన కొలత, అంటే మన బారే. దుర్భిణి లేదు, లాగరిథమ్ పట్టికలు లేవు, అదే లెక్క. నా పిల్లలకి ముప్ఫై మార్కులు రావడానికి ప్రాణం తీసేవాణ్ణి, ఈయన దాంతో పిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేశాడు. ఆ చెట్టు గురించి అడిగితే, హుద్‌హుద్ తుఫానుకి పడిపోయిందన్నాడు. 2014 అక్టోబరు 12న మన అందరికీ ఏదో ఒకటి పోయింది, ఆయనకి ఒక గీత పోయింది. ఇప్పుడు ఆ పక్కన కట్టిన అపార్ట్‌మెంటు మీది నీళ్ళ ట్యాంకుని గుర్తుగా పెట్టుకున్నారట కుర్రాళ్ళు, జీపీఎస్ ఉన్నా సరే.

నేను మీలో కుర్రవాళ్ళని అడిగేది ఒకటే. మీ పేట షీటు ఫోటోకాపీ తీయించండి, పెద్ద సైజులో, పెన్సిలు పట్టుకుని ముసలివాళ్ళ దగ్గర కూచోండి. పడవ లాగే చోటు, పాత మంచినీళ్ళ బావి, అమ్మవారికి పండగ చేసే ఇసుక, ఇవన్నీ వాళ్ళ చేతే పెట్టించండి, వాళ్ళు పలికినట్టే పేరు రాయండి. కాగితం మీద మీ పేరూ వద్దు, వాళ్ళ పేరూ వద్దు, తేదీ మాత్రం వెయ్యండి. మా షీటుకి చెదలు పట్టిన సంగతి గుర్తుంది కదా.

ఆ కొండల పేర్లేంటని మొదటి వరస నుంచి అడుగుతున్నారు. చెప్పను. అది చేపల చోటు చెప్పేసినట్టే అవుతుంది. (నవ్వులు) నేనూ ఆ రోజు తెలీక, తాతా ఆ చోటు ఇక్కడ పెట్టు అని పెన్సిలు ఇచ్చాను. ఆయన పెన్సిలు తీసుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, పెన్సిలు చెవికి పెట్టుకుని, కాగితం మీద నీళ్ళలో ఒకచోట బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కాడు. మామూలుగా చూస్తే ఏమీ కనపడదు, దీపం పక్క నుంచి పడేలా పట్టుకుంటే చిన్న గాటు కనిపిస్తుంది. ఈ రోజు మీ ముందు పరిచింది ఆ కాపీ కాదు. అది ఇంట్లో ఉంది.